గిరాకీ తగ్గాలని అడిగినవాడు

ఆకలిని పుట్టించి, ఆ ఆకలికి తగిన ఆహారాన్నీ పుట్టించిన దేవునికి స్తోత్రం. కాకిపిల్లల అరుపు వినేవాడికి, ఎడారిలో నడిచిన జనానికి ఏ పూటకు ఆ పూట వడ్డించినవాడికి స్తోత్రం. అలసిపోయినవాళ్ళు పాడదగిన స్తుతి కూడా ఒకటి ఉంటుందని నేను నమ్ముతాను. ఈ వారం నా గొంతులో ఉన్నది అదే. గట్టిగా రాదు, కానీ ఆగదు.

మొన్న మా సంఘంలో ఒక తమ్ముణ్ణి బొల్లారం వైపున్న సమాధుల తోటలో మట్టికి అప్పగించి వచ్చాం. సీతాఫల్‌మండిలో మా మందిరం ఉన్న సందు మొదట్లో ఫాస్ట్‌ఫుడ్ బండి నడిపేవాడు. పేరు రాయను. రాసినా అతని దగ్గర తిన్నవాళ్ళలో చాలామంది గుర్తుపట్టరు, వాళ్ళకు అతను "అన్న" అంతే. నాకు తమ్ముడు. అతని కూతురు నా సండేస్కూల్లో చదివింది కాబట్టి నేను అతనికి టీచరక్కను.

గిరాకీ ఊపు మీదున్న సాయంత్రం వేళ గ్యాస్ ఆపేసి, బండి వెనక ఖాళీ నూనె డబ్బా బోర్లించి, దాని మీద కూర్చున్నాడట. అలసిపోయాడనుకున్నారు. "అన్నా, నా పార్సిల్ ఏమాయె?" అని ఒకతను మళ్ళీ మళ్ళీ అడిగాడట. అడగ్గానే పలికే మనిషి పలకకపోయేసరికి వంగి చూశాడట. గుండె అన్నారు ఆస్పత్రిలో. అప్పటికి పొయ్యి మీద కడాయి ఇంకా వేడిగానే ఉందని, అందులో సగం వేగిన అన్నం ఉందని ఆ పార్సిల్ అడిగినతనే వచ్చి ఏడుస్తూ చెప్పాడు.

సమాధి దగ్గర అందరూ చెప్పవలసిన మాటలు చెప్పారు. ఆరాధన తప్పలేదన్నారు, ఎవరితోనూ గొడవ పడలేదన్నారు. నిజమే. నాకు మాత్రం అతని చెయ్యి గుర్తొస్తోంది. కుడి చెయ్యి ఎడమ చేతికన్నా లావు. ఏళ్ళ తరబడి ఆ బరువైన కడాయిని ఎగరేసి ఎగరేసి అలా అయింది. ప్రార్థనకు చేతులు జోడిస్తే రెండూ ఇద్దరు మనుషుల చేతుల్లా ఉండేవి. కనుబొమలు ఎప్పుడూ సగం కాలి ఉండేవి. ఆదివారం ఉతికిన తెల్లచొక్కా వేసుకొచ్చినా దానిలోంచి మిరపకారం, వెనిగర్ పొగ వాసన వచ్చేది. అందుకని చివరి వరసలో కిటికీ పక్కన కూర్చునేవాడు. సండేస్కూలు పిల్లలు వెనక్కి తిరిగి, "టీచర్, మంచూరియా వాసన," అని గుసగుసలాడితే ముందు నవ్వేది అతనే. నవ్వు చివర దగ్గు వచ్చేది. ఆ దగ్గును అరచేతిలో దాచుకుని, కిటికీలోంచి బయటికి చూసేవాడు.

బండి దగ్గర అతనికో అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా "సరే" అనడు.

"అన్నా, ఒక ఎగ్ రైస్, ఒక నూడుల్స్ పార్సిల్."

"ఆమెన్."

"జెర కారం ఎక్కువెయ్యి."

"ఆమెన్."

మా పాస్టరు అయ్యగారికి ఇది నచ్చలేదు. "ఆ మాట పొయ్యి దగ్గర వాడకు తమ్ముడూ," అన్నారు ఒకసారి.

"అట్లనే జరుగుగాక అనే గద అయ్యగారూ దాని అర్థం. ఆయన రైస్ అడిగిండు. అట్లనే జరుగుగాక అన్న. జరిగింది సుత. తీస్కోండ్రి, వేడిగున్నది."

అయ్యగారు పొట్లం తీసుకున్నారు.

తను మాత్రం ఆ బండి వంట నోట్లో పెట్టేవాడు కాదు. రద్దీ కాస్త తగ్గగానే రోడ్డుకు వీపు పెట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా తీసేవాడు. జొన్నరొట్టె, లేకపోతే అన్నంలోకి పచ్చిపులుసు. కుర్రాళ్ళు ఊరుకుంటారా?

"ఏందన్నా, నీ నూడుల్స్ నువ్వే తింటలేవు? మమ్మల్ని సంపుతవా ఏంది?"

"మంగలాయన తన కటింగ్ తను చేస్కుంటడారా? నేను ఇంకొక బండికాడ తింట," అనేవాడు. అందరూ నవ్వేవారు. అతను ఇంకొక బండి దగ్గర తినగా కూడా ఎవరూ చూడలేదు.

ఆ బండి మొదలైన రోజు నేను ఉన్నాను. అంతకుముందు ఒక ప్రెస్సులో పుస్తకాల బైండింగ్ చేసేవాడు. ప్రెస్సు మూతపడింది. అప్పటికి కూతురు చిన్నది. ఇల్లు అద్దెది. బావమరిది దగ్గర కడాయి తిప్పడం నేర్చుకుని ఈ బండి పెట్టాడు. మావాళ్ళలో ఒక పద్ధతి ఉంది. కొత్త కుక్కర్ అయినా, స్కూటర్ అయినా, కుట్టు మిషన్ అయినా ప్రార్థన చేయించకుండా వాడుకోము. ఆ సాయంత్రం సంఘమంతా సందు మొదట్లో నిలబడి ఒక పాట పాడింది. అయ్యగారు గ్యాస్ పొయ్యి మీద చెయ్యి ఉంచారు. మా సంఘపెద్ద ప్రార్థన చేశారు. ఆయన కోస్తా నుంచి వచ్చి రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, గొప్పగా ప్రార్థిస్తారు. "ప్రభువా, శిష్యుల వలలు పిగిలిపోయేంతగా చేపలను పంపినవాడవు. ఈ బండి ముందు నిలబడడానికి చోటు లేనంతగా జనాన్ని పంపు," అన్నారు. ఆమెన్ అని మేమందరం అన్నాం. అందరికన్నా గట్టిగా అన్నది అతను.

దేవుడు విన్నాడు. ఆ సంగతి రాయడానికి నాకు సంకోచం లేదు, విన్నాడు. కొద్దికాలానికే ఆ బండి ముందు నిలబడడానికి నిజంగానే చోటు లేకుండా పోయింది. కోచింగ్ సెంటర్ల కుర్రాళ్ళు, ఆటోవాళ్ళు, స్టేషన్ నుంచి నడిచి ఇళ్ళకు పోయేవాళ్ళు. ఆ చుట్టుపక్కల అంత చవకగా కడుపు నిండే చోటు ఇంకొకటి లేదు. చవకగా ఇవ్వాలంటే పళ్ళేలు కడగడానికి మనిషిని పెట్టుకోలేడు. అందుకని ప్రతి పళ్ళేనికీ ఒక పల్చటి కవరు తొడిగేవాడు. తిన్నాక కవరు ఊడదీసి పారేస్తే పళ్ళెం మళ్ళీ సిద్ధం. అందరూ అలాగే చేస్తారు. అతనివి లేత ఆకుపచ్చ కవర్లు, వాళ్ళ బావమరిది టోకున తెచ్చిపెట్టినవి. బండి కట్టేసే ముందు, నల్లబడి ఇక వాడడానికి పనికిరాని నూనెను పక్కనున్న మురికినీళ్ళ మోరీలో పోసేవాడు. అది కూడా అందరూ చేసేదే. పొట్లం కట్టిన కవర్లు, చట్నీ కవర్లు, చెంచాలు గాలికి కొన్ని, నీళ్ళకు కొన్ని పోయేవి. కాప్రా చెరువు పక్కన ఉండే మా చెల్లెలు ఎండాకాలం వచ్చిందంటే చెరువు కంపుకు కిటికీలు తెరవదు. అక్కడి బండ్లవి అక్కడికి చేరతాయి. ఇక్కడివి ఎక్కడికి చేరతాయో మేమెవరం అడగలేదు, మా కళ్ళముందు నుంచి పోతే చాలు.

అవి తిరిగి వచ్చింది సారమ్మ అవ్వ ఇంటికి. మందిరం వెనక సందులో ఒక్క గది ఆమెది. రోడ్డు మీద రోడ్డు పోసుకుంటూ పోయేసరికి ఆ గది సందుకన్నా కిందికి దిగిపోయింది. ఒక వానాకాలం మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. మోరీ పొంగి గదిలోకి మోకాలెత్తున మురికినీళ్ళు వచ్చాయి. మేం వెళ్ళేసరికి అవ్వ మంచం మీద కాళ్ళు ముడుచుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మున్సిపాలిటీవాళ్ళు వచ్చి మోరీ మూత తీశారు. ఒకాయన నడుము దాకా దిగి చేతులతో లాగుతున్నాడు. పాత కొవ్వొత్తుల్లా గడ్డకట్టిన నూనె ముద్దలు వచ్చాయి. వాటి చుట్టూ పేగుల్లా చుట్టుకుని కవర్లు. లేత ఆకుపచ్చవి.

అతను కూడా వచ్చి నిలబడి ఉన్నాడు. అతన్ని అనడానికి మాలో ఆ పళ్ళెంలో తినని వాళ్ళెవరు? సారమ్మ అవ్వే అన్నది.

"ఏం బిడ్డా, నేను పార్సిల్ చెప్పలే గద. నా ఇంటికెందుకు పంపినవ్?"

నవ్వు ఆపుకోలేక కొందరు మొహాలు తిప్పుకున్నారు. అతను నవ్వలేదు. చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, గదిలోకి దిగి అవ్వ బకెట్‌తోనే నీళ్ళు ఎత్తిపోయడం మొదలుపెట్టాడు.

"ఎత్తిపొయ్యి బిడ్డా, ఎత్తిపొయ్యి. పొద్దుమీకి మళ్ళ పంపుదువు," అంది అవ్వ మంచం మీద నుంచి.

నీళ్ళన్నీ ఎత్తిపోసేదాకా ఎత్తిపోశాడు. ఆ సాయంత్రం బండి తీయలేదు. ఆ తరువాత ఒక మార్పు చేశాడు. కవర్లు మానేసి విస్తరాకులు పెట్టాడు. వాడిన నూనె డబ్బాలో పోసి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. నూనె నల్లబడకముందే మార్చేవాడు. అంత చేస్తే పాత రేటుకు ఇవ్వలేడు కాబట్టి కొంచెం పెంచాడు.

"ఏందన్నా, ఆకులేసినవ్? ఎవరి పెండ్లి?" అని కుర్రాళ్ళు ఆటపట్టించారు.

"మీదేరా. తినుండ్రి."

తిన్నారు. మర్నాడు రోడ్డుకు అవతల కొత్తగా వెలిసిన బండి దగ్గర తిన్నారు. అక్కడ పాత రేటే, కవరు పళ్ళేలే. వారం తిరక్కుండానే ఇతని బండి ముందు కావలసినంత చోటు ఏర్పడింది. అన్నం మిగిలి పారబోయడం మొదలైంది. అతని భార్య రూతు మందిరంలో మోకాళ్ళ మీద ఏడవడం చూశాను. ఇంకొన్నాళ్ళకు ఆ సందులో వెళ్తుంటే మళ్ళీ ఆకుపచ్చ కవర్లు కనిపించాయి.

"ఏంటి తమ్ముడూ, ఆకులు మానేశావా?" అన్నాను.

"నేను మానలేదక్కా. గిరాకీ మానింది." కడాయి గీరుతూ తల ఎత్తకుండా అన్నాడు. "ఉప్పు రుచి గాదు, కారం రుచి గాదు అక్కా. రేటే రుచి."

తినేవాళ్ళను నిందించడం సులువు. ఒక ఆదివారం సాక్ష్యాల వేళ మా సంఘంలోని ఒక చెల్లి లేచింది. ఆస్పత్రిలో హౌస్‌కీపింగ్ పని ఆమెది. "నా డ్యూటీ దిగి, బస్సు దొరికి, ఇంటికొచ్చి ఎసరు పెట్టేసరికి పిల్ల ఆకలికి పండుకుంటుండె. ఇప్పుడు అన్న బండి కాడ రైస్ పట్కపోత. పిల్ల తిని పండుకుంటది. దేవునికి స్తోత్రం," అని చెప్పి కూర్చుంది. అందరం స్తోత్రం అన్నాం. వెనక వరసలో కిటికీ పక్కన అతను తల వంచుకుని ఉన్నాడు. పొగడ్త విన్న మనిషిలా లేడు. ఆ పిల్ల రోజూ తినేది ఆ నల్ల నూనెలో వేగిన అన్నమని అతనికి తెలుసు. ఆ అన్నం లేకపోతే ఆ పిల్ల ఆకలితో పడుకుంటుందనీ తెలుసు.

ఆ వారమే మా ఇంట్లో గృహకూడిక జరిగింది. పాటలయ్యాక సంఘపెద్ద మామూలుగా ప్రార్థన మనవులు అడిగారు. ఒకరు మోకాళ్ళ నొప్పి అన్నారు. ఒకరు కొడుకు ఉద్యోగం అన్నారు. ఇతను లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ మనవి చెప్పడు, విని ఆమెన్ అనడమే.

"నా గిరాకీ గురించి ప్రార్థన చేయుండ్రి," అన్నాడు.

"వృద్ధి కలగాలని చేద్దాం," అన్నారు సంఘపెద్ద.

"కాదయ్యా. తగ్గాలె అని చేయుండ్రి."

ఎవరో నవ్వారు. పక్కన కూర్చున్న రూతు అతని చొక్కా అంచు పట్టుకుని లాగింది. అతను కూర్చోలేదు.

"మొత్తం పోవద్దయ్యా. మొత్తం పోతే మేం బతకం. జెర తగ్గాలె. నేను మంచి నూనె పోసేటంత, ఆకులు పెట్టేటంత. అవ్వ ఇంట్లకు నా మోరీ పోనంత. నా అంతట నేను తగ్గిద్దామని చూసిన. నాతోని కాలే. తగ్గిస్తే మొత్తం పోతుంది, ఉంచితే గిట్లున్నది. మధ్యల ఆపుడు నాకు చాత కాదు. దేవునికి చాతనయితది గద?"

"వ్యాపారం తగ్గాలని ఎవరైనా ప్రార్థిస్తారటయ్యా?" అన్నారు సంఘపెద్ద. కోపంగా అనలేదు, నిజంగా తెలియక అడిగినట్టు అడిగారు. "వాక్యంలో ఎక్కడుంది అలాగ?"

"ఏ రోజు తిండి ఆ రోజు అడగమన్నడు గద అయ్యా ప్రభువు. మీరంతా బండి కాడ నిలబడి అంతకు ఎక్కువనే అడిగిన్రు. నేను సుత అడిగిన. ఇచ్చిండు. ఇంక చాలు అని చెప్పుండ్రి ఆయనకు. నేనొక్కన్ని చెప్తె గాదు. అందరం గల్సి అడిగినం గద, అందరం గల్సే చెప్పాలె."

సంఘపెద్దకు ఎడారిలో జనం మాంసం కావాలని ఏడ్చిన సంగతి తెలుసు. నాకూ తెలుసు. పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. పూరేడు పిట్టలు గాలికి కొట్టుకొచ్చి వాళ్ళ గుడారాల చుట్టూ గుట్టలుగా పడ్డాయి, ఆ మాంసం వాళ్ళ పళ్ళ మధ్య ఉండగానే తెగులు మొదలైంది. ఆ కథ చెప్పేటప్పుడు పిల్లలు ఎప్పుడూ ఒకటే అడుగుతారు, అడిగిందే ఇచ్చాడు కదా టీచర్, మరి ఎందుకు చచ్చిపోయారని. ఏదో చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రం మా ముందు గదిలో నిలబడిన మనిషి ఆ కథ లోపలి నుంచి మాట్లాడుతున్నట్టు అనిపించింది.

సంఘపెద్ద కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మోకాళ్ళ నొప్పి కోసం, ఉద్యోగం కోసం గట్టిగా చేశారు. ఇతని దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. "ప్రభువా, ఈ సహోదరుని హృదయం నీకు తెలుసు. వ్యాపారం విషయంలో నీ చిత్తం," అని ఆగారు. అక్కడ ఎవరూ ఆమెన్ అనలేదు. అనకూడదని కాదు, దేనికి అంటున్నామో తెలియలేదు.

అందరూ వెళ్ళేటప్పుడు రూతు వంటగదిలోకి వచ్చింది. "అక్కా, ఆయన మాట పట్టుకుని మీరు ప్రార్థన చేయకుండ్రి. మీ ప్రార్థన ఊకె పోదు. బిడ్డ నర్సింగ్ చదువు సగంల ఉన్నది," అంది.

"ఆయన చాలా బాధపడుతున్నాడమ్మా," అన్నాను.

"నాకు ఎరుక లేదా అక్కా? రాత్రంత దగ్గుతడు. ఆయన బాధ ఆయనది, నా పరేషాన్ నాది."

గిరాకీ తగ్గలేదు. అవతలి బండిని ఏదో తనిఖీలో ఎత్తుకుపోయారు, అక్కడి జనం కూడా ఇటే వచ్చారు. నేను ఆ దారిన వెళ్తే అతను కడాయి ఎగరేస్తూనే నా వైపు చూసి, ఒక్కోసారి, "ఏందక్కా, దేవుడు ఇంకా ఏం చెప్పలేదా?" అనేవాడు. హేళన కాదది. మందు ఇంకా పనిచేయడం లేదని డాక్టరుకు చెప్పే రోగిలా అనేవాడు. వాన పడినప్పుడల్లా అందరికన్నా ముందు సారమ్మ అవ్వ ఇంటికి వెళ్ళి గుమ్మంలో ఇసుక మూటలు పేర్చేవాడు. అవ్వ అతన్ని తిడుతూ ఉండేది, అతను పేరుస్తూ ఉండేవాడు. పేర్చి వెళ్ళి పొయ్యి వెలిగించేవాడు.

నిన్న వాళ్ళ ఇంట్లో ఆదరణ కూడిక జరిగింది. పాడవలసిన పాట పాడాం. అయ్యగారు పునరుత్థానం గురించి చెప్పారు. చివర మనవులేమైనా ఉన్నాయా అని అడిగారు. రూతు లేచింది. కూతురు ఆమె చెయ్యి పట్టుకుంది.

"రేపు సాయంత్రం నేను బండి తీస్తున్న. కడాయి తిప్పుడు నాకు రాదు. మా అన్న నేర్పుతనన్నడు. జనం రావాలె అని ప్రార్థన చేయుండ్రి." కాస్త ఆగి నా వైపు తిరిగింది. "టీచరక్కా, మీరు చేయుండ్రి."

లేచి వెళ్ళి ఆమె తల మీద చెయ్యి పెట్టాను. అంతమంది మోకాళ్ళ మీద ఉన్నారు, నా నోట మొదటి మాట కోసం. ఆ ఇంటి నుంచి ఒకే సన్నిధికి రెండు మనవులు వెళ్ళాయి. ఒకటి చాలని, ఒకటి చాలదని. మొదటిది అడిగినవాడు మట్టిలో ఉన్నాడు. రెండోది అడిగిన ఆమె నా చేతికింద ఉంది. జనాన్ని పంపమని అడిగాను, అడగకుండా ఎలా ఉంటాను? తరువాత మాట దొరకలేదు. అందరూ నేను ఏడుస్తున్నాననుకున్నారు. అయ్యగారే అందుకుని ముగించారు.

అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రార్థన సగంలో ఆగిపోయింది, మిగతా సగం మీరు చేయాలి. ఈమె ఇల్లు గడిచేటంత మంది బండి ముందు నిలబడాలని అడగండి. వాళ్ళు తిన్నందుకు ఎవరి గదిలోకీ మోరీ రాకూడదని అడగండి. డ్యూటీ దిగిన తల్లికి, ఇంటికి వెళ్ళి ఎసరు పెట్టుకునేంత పొద్దు మిగలాలని అడగండి. ఇవన్నీ కలిసి ఒకే ప్రార్థన ఎలా అవుతుందో నాకు తెలియదు, దేవునికి తెలుసు. ఈ సాయంత్రం ఆ సందు మొదట్లో ఒక స్త్రీ తనకు చేతకాని కడాయిని మొదటిసారి ఎత్తుతుంది. ఆ వేళకు మీరెక్కడున్నా, మీ చేతిలో ఏ పొట్లం ఉన్నా, దాన్ని విప్పేముందు ఒక్కసారి తల వంచండి.